ఓడ తీగలో నాలుగంగుళాలు

రెండు వేల సంవత్సరం జూన్ నెలలో నన్ను హార్నెస్ సెక్షన్‌కు లైన్ సూపర్‌వైజర్‌గా వేశారు. బోయిగూడలో రేకుల షెడ్డు. అంతకు ముందు తొమ్మిదేళ్ళు అదే షెడ్డులో బల్ల ముందు కూర్చుని పని చేశాను. నేను చదివింది ఐదో తరగతి, అదీ శ్రీకాకుళం దగ్గర మా ఊళ్ళో, పరీక్షలు రాయకుండానే మానేశాను. మా ఆయనకు రైల్వే గ్యాంగులో పని దొరికి సికింద్రాబాద్ వచ్చాం. ఇంగ్లీషు అంకెలు, అక్షరాలు గుర్తుపట్టగలను, అంతకు మించి రాదు. ఈ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే తరువాత జరిగినదానికి చదువు లేకపోవడం కారణం కాదు.

హార్నెస్ అంటే తీగల కట్ట. ఏ యంత్రం తలుపు తీసినా లోపల పాయలుగా కట్టిన తీగలు కనిపిస్తాయి కదా, అవి. వాటిని యంత్రం కట్టదు, మనిషే కట్టాలి. ప్లైవుడ్ పలక మీద అసలు కొలతతో గీసిన డ్రాయింగ్ అంటిస్తారు. మలుపు ఉన్నచోటల్లా ఒక మేకు. ఆ మేకుల వెంట ఒక్కో తీగను నడిపించి, మైనం పట్టించిన దారంతో ముడులు వేస్తాము. దాన్ని లేసింగ్ అంటారు. తీగ కొసన తొడుగు ఒలిచి, లోపలి పోగుల్లో ఒక్కటి కూడా తెగకుండా చిన్న లోహపు పిన్నులో పెట్టి పట్టకారుతో నొక్కాలి. అది క్రింపింగ్. ఆ పిన్నులన్నీ కనెక్టర్‌లో గుచ్చితే కట్ట పూర్తవుతుంది. పన్నెండు మంది ఆడవాళ్ళు నా కింద పని చేసేవారు. ఒక్కొక్కరికీ ఒక నంబరు స్టాంపు ఉండేది. ఎవరు కట్టిన కట్ట మీద వారి నంబరే పడాలి. కట్ట ఏ దేశం పోయినా, ఎన్నేళ్ళయినా, కట్టిన చెయ్యి ఎవరిదో ఆ నంబరు చెబుతుంది.

నేను సూపర్‌వైజర్ అయిన నెలలోనే ఓడ పని వచ్చింది. స్పెయిన్ దేశపు నౌకాదళం కొత్తగా కట్టిస్తున్న యుద్ధనౌక. పని నేరుగా మాకు రాలేదు. అక్కడెక్కడో ఓడ పరికరాలు చేసేవారు నగరంలోని పెద్ద కంపెనీకి ఇచ్చారు, ఆ కంపెనీ తీగల కట్టలు మాత్రం మా షెడ్డుకు ఇచ్చింది. ఓడ పేరు మాకు చెప్పలేదు. కాగితాల మీద ఒక అంకె ఉండేది, అంతే. మా చెకింగ్ ఆఫీసర్ కృష్ణమూర్తి గారు విశాఖలో నావికుడిగా పని చేసి రిటైరై వచ్చిన మనిషి. అది ఫ్రిగేట్ అని, పెద్ద ఓడల పక్కన కాపలాగా నడిచే మధ్యరకం నౌక అని, మన కట్టలు దాని రాడార్ గదిలో బల్లల లోపలికి పోతాయని ఆయనే వివరించారు. మా ఆడవాళ్ళు దానికి స్పెయినమ్మ అని పేరు పెట్టుకున్నారు.

"ఒక్క ఓడకు గిన్ని తీగలా అక్కా? మా బస్తీ మొత్తం ఎతికినా గిన్ని లేవు. గీ అమ్మవారికి ఆకలెక్కువున్నట్టున్నది" అనేది యాదమ్మ.

యాదమ్మది ఏడో నంబరు. బోయిగూడ బస్తీలోనే పుట్టి పెరిగింది. షెడ్డులో అందరికంటే శుభ్రమైన ముడి ఆమెది, అందరికంటే పదునైన నోరూ ఆమెదే.

ఆ తీగ విదేశాల నుంచి వచ్చేది. రాగి మీద వెండి పూత, పైన తెల్లని తొడుగు, దారమంత సన్నం. నేను మెతుకు కింద పడితే వీపు మీద దెబ్బ పడే ఇంట్లో పెరిగాను. కొసలు కత్తిరించి బుట్టలో వేస్తుంటే నాకు ప్రాణం ఒప్పేది కాదు. సూపర్‌వైజర్ అయినప్పటి నుంచి ప్రతి సాయంత్రం ఆ బుట్ట నేనే తూచేదాన్ని. బుట్ట బరువు తగ్గింది. తరువాత నా కళ్ళు పలక మీదికి పోయాయి.

ప్రతి కనెక్టర్ వెనక ఆరంగుళాల తీగ అదనంగా వదలమని డ్రాయింగ్‌లో ఉంది. దాన్ని చిన్న చుట్టగా మడిచి కట్టలో కలిపి కట్టేసేవాళ్ళం. ఆ చుట్టకు ఏ పనీ ఉన్నట్టు కనిపించేది కాదు. చెకింగ్ కాగితంలో కట్ట మొత్తం పొడవుకు ఒక గడి, కరెంటు పారుతుందో లేదో చూడడానికి ఒక గడి, పిన్ను పట్టుకు ఒక గడి ఉన్నాయి. చుట్టకు గడి లేదు. ఎవరూ కొలవనిది ఎవరికీ అక్కరలేనిదే అనుకున్నాను. కృష్ణమూర్తి గారు పక్క గదిలోనే ఉండేవారు. వెళ్ళి అడగలేదు. ఒక ఉదయం అందరికంటే ముందు వచ్చి, పలకలన్నిటి మీదా ఆ చుట్ట కొలతకు కొట్టిన మేకులు పీకి నాలుగంగుళాలు ఇవతల కొట్టాను. ఆ రోజు నుంచి ఆరు కాదు, రెండంగుళాలు.

యాదమ్మ ఒక్కతే అభ్యంతరం చెప్పింది.

"డ్రాయింగ్ల ఆరున్నది గదక్కా. జెర ఉండనీయరాదు? వాళ్ళు ఊకెనే రాస్తరా?"

"రెండు చాలు. మడతలో పడుకున్న తీగ ఎవరికి పనికొస్తాదే? మీ అమ్మ పుట్టింటి నుంచి తెచ్చావేటి, అంత ధారాళం?"

"మా అమ్మ పుట్టింట్ల బట్టలారేస్తందుకు దండెం సుత లేకుండే. గీ వెండి తీగ యాడికెళ్ళొస్తది?" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మేకు ఎక్కడుంటే అక్కడికే కట్టమన్నాను. కట్టారు.

ఆ ఏడు మా యజమాని అందరి ముందూ నా పొదుపును మెచ్చుకుని మూడు అరల స్టీలు క్యారియరు ఇచ్చారు. దానిలోనే అన్నం తెచ్చుకునేదాన్ని.

ఓడ సంగతులు మాకు చీటీల మీద తెలిసేవి. ఏదైనా కట్ట పాడైతే దానికి ఒక చీటీ కట్టి వెనక్కి పంపేవారు. ఓడ ఎక్కడ తిరిగింది, ఎన్ని గంటలు నడిచింది, ఏం జరిగింది అని అందులో రాసేవారు. కృష్ణమూర్తి గారు చదివి చెప్పేవారు. మొదటి చీటీ, ఓడను ఇంకా నౌకాదళానికి అప్పగించక ముందు, సముద్రంలో నడిపి చూసినప్పటిది. అలల కుదుపుకు ఒక కట్ట ఇనుప అంచుకు రాసుకుని తొడుగు పోయింది. రెండోది, జెండా ఎగరేసి సర్వీసులోకి తీసుకున్న తరువాతది. వేరే దేశాల నౌకలతో కలిసి వేడి సముద్రాల్లో నెలల తరబడి కాపలా తిరిగిందట. మా ఆయన రైల్వే సర్వీసు పుస్తకంలో చేరిన తేదీ, బదిలీలు, జబ్బు సెలవులు రాసి ఉండేవి. ఓడ చీటీలు కూడా నాకు అలాగే అనిపించేవి. ఉద్యోగంలో చేరింది, ఎండలో తిరిగింది, ఇక ఒకసారి ఒంట్లో బాగుండకపోవాలి.

రెండు వేల నాలుగు వానాకాలంలో ఆ చీటీ వచ్చింది. షెడ్డు రేకులు కారుతుంటే పలకల మీద ప్లాస్టిక్ పట్టాలు కప్పి, పని ఆపి కూర్చున్నాం. ఓడను మరమ్మతుకు డాక్‌లోకి ఎక్కించారు. ఉప్పుగాలికి కొన్ని కనెక్టర్లలో పిన్నులు చిలుము పట్టి పచ్చబడ్డాయి. అది మామూలే. కొస కోసి కొత్త పిన్ను నొక్కితే సరిపోతుంది. అక్కడి మనిషి చిలుము పాకినంత మేరా, రెండంగుళాలకు పైగానే కొస కోశాడు, చుట్ట విప్పాడు. తీగ కనెక్టర్ దాకా అందలేదు.

ఆ కట్టను ఉన్నచోట బాగుచేయడానికి వీలు లేదు. ఓడలో గదికీ గదికీ మధ్య నీళ్ళు దూరకుండా తీగలు పోయే కంతలన్నీ మూసేసి ఉంటాయి. అవన్నీ తవ్వి కట్ట మొత్తం బయటికి లాగాల్సి వచ్చింది. గడువు దాటినా ఓడ డాక్ దిగలేదు. దాని బదులు, అప్పుడే ఇల్లు చేరిన మరో ఓడను మళ్ళీ సముద్రం మీదికి పంపారు.

"ఆ నావికుల సెలవులు రద్దయి ఉంటాయి" అని మాత్రం అన్నారు కృష్ణమూర్తి గారు. తరువాత నా వైపు తిరిగి, "ఓడకు వయసు మొదట తీగ కొసల్లో కనిపిస్తుందమ్మా. పిన్ను పాడైనప్పుడల్లా కొంచెం కోయాలి. ముప్ఫయ్యేళ్ళు అలా కోసుకుంటూ పోవడానికే ఆ ఆరంగుళాలు" అన్నారు.

మా అమ్మాయి చిన్నప్పుడు దాని గౌన్లన్నీ నేనే కుట్టేదాన్ని. ఏడాదికొకటి విప్పుకోవచ్చని అంచు లోపల మూడు మడతలు వదిలేదాన్ని. ఆయన మాట పూర్తి కాకముందే నాకు విషయం అర్థమైంది.

వెనక్కి వచ్చిన కట్ట మీద ఏడో నంబరు ఉంది. యాదమ్మ తప్పు చేసిందని కాదు, ముందు విప్పిన కట్ట ఆమెది కావడం వల్ల.

మరునాడు యజమాని నన్ను గదిలోకి పిలిచి ఒక ఫారం ముందు పెట్టారు. తప్పు ఎలా జరిగిందో రాసి పంపాలి, కింద సూపర్‌వైజర్ సంతకం ఉండాలి. కారణం అన్నచోట "ఆపరేటర్ పొరపాటు" అని అప్పటికే టైపు చేసి ఉంది. ఆయన దాచకుండానే చెప్పారు. పని చేసే మనిషి పొరపాటైతే ఆ నంబరు కట్టలు మాత్రం మార్చి ఇస్తే సరిపోతుంది. సూపర్‌వైజర్ ఆదేశమైతే షెడ్డులో కట్టినవన్నీ అనుమానమే, ఆర్డరు మొత్తం పోతుంది. "యాదమ్మకు వేరే చోట ఏదో ఒకటి చూద్దాం, మీరు సంతకం పెట్టండి" అన్నారు.

అప్పటికే యాదమ్మ స్టాంపు తీసేసుకున్నారు. స్టాంపు లేనివాళ్ళు బల్ల దగ్గర కూర్చోకూడదు. ఆమె సంచీ సర్దుకుని నా దగ్గరకు వచ్చింది.

"నేనప్పుడే అన్న గదక్కా. యాదికున్నదా?"

"ఉంది."

"ఉంటె చెప్పు మరి" అని వెళ్ళిపోయింది.

నేను వెంటనే చెప్పలేదు. రెండు రోజులు ఆ ఫారం నా సొరుగులోనే ఉంది. ఈ మాట రాయడం నాకు ఇష్టం లేదు, అయినా రాస్తున్నాను. ఆ రెండు రోజులు నేను ఆలోచించింది యాదమ్మ గురించి కాదు, నా పేరు గురించి, నా కుర్చీ గురించి. మూడో రోజు పలకల మీద పట్టాలు తీస్తుంటే పాత మేకుల కంతలు కనిపించాయి. ఏడో నంబరు పలక మీదే కాదు, అన్నింటి మీదా ఉన్నాయి. ఒక్క నంబరు కట్టలు మారిస్తే తక్కినవన్నీ ఆ ఓడలో పొట్టిగానే ఉండిపోతాయి. మళ్ళీ ఒకరోజు, ఈసారి డాక్‌లో కాదు, నడిసముద్రంలో ఎవరో కొస కోసి చుట్ట విప్పుతారు.

టైపు చేసిన మాట కొట్టేసి తెలుగులో రాశాను: "మేకులు మార్చింది నేను. అన్ని పలకల మీదా మార్చాను. ఏడో నంబరు వద్దని చెప్పింది, నేను వినలేదు." సంతకం పెట్టాను.

యజమాని చదివి ఫారం నా వైపు నెట్టారు. "ఒక్క మనిషి కోసం పదకొండు మంది పొయ్యి ఆర్పేస్తున్నారు అప్పలనరసమ్మ గారూ" అన్నారు.

"మనిషి కోసం కాదు బాబూ. అన్ని కట్టలూ పొట్టివే" అన్నాను.

ఇంటికి వెళ్ళి మరోసారి ఆలోచించి రమ్మన్నారు. నేను వెళ్ళలేదు. కృష్ణమూర్తి గారిని పలక దగ్గరకు తీసుకువెళ్ళి చూపించాను. ఆయన పాత మేకు కంత మీద వేలు పెట్టి, కొత్త మేకు దాకా స్కేలుతో కొలిచారు. తరువాత వచ్చి నా సంతకం కింద తన సంతకం పెట్టారు. అది ఆయన చూడవలసింది, చూడలేదు కనుక.

యజమాని చెప్పినట్టే జరిగింది. కట్టలన్నీ మార్చే పని వేరే దేశంలో వేరేవాళ్ళకు పోయింది. మాకు కొత్త ఆర్డరు రాలేదు. మరుసటి ఎండాకాలం లోపు షెడ్డు మూతపడింది. ఆ స్థలంలో మూడు అంతస్తులు లేపి కంప్యూటర్ కోర్సుల బోర్డులు పెట్టారు. మా పన్నెండు మందిలో కొందరు అటు మాదాపూర్ వైపు సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో నేల తుడిచే పనికి కుదిరారు. వెంట్రుకంత పోగు తెగకుండా తొడుగు ఒలిచే చేతులు అవి. యాదమ్మ కూడా అక్కడికే పోయింది. నాకు ఎవరూ పని ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

ఏడాది తరువాత పద్మారావు నగర్ కూరల బండి దగ్గర యాదమ్మ కనిపించింది. ఆఫీసు వాళ్ళ నీలం చీర కట్టుకుని ఉంది. ముందు తనే పలకరించింది.

"నా ఒక్కదాని కొలువు పోతుండె. నిజం చెప్పి అందర్ని పరేషాన్ చేసినవ్ గదా అక్కా."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతె నిన్ను తిట్టుకుంట బతుకుదును. చెప్పినవ్ గాబట్టి తిట్టనీకి సుత లేదు." బెండకాయల కొసలు విరిచి చూస్తూ, "గా స్పెయినమ్మ ఎట్లున్నదట?" అని అడిగింది.

తీగలన్నీ మార్చారని, మళ్ళీ సముద్రం మీదికి పోయిందని కృష్ణమూర్తి గారు చెప్పిన మాట చెప్పాను.

"పోనీ. అదన్న తేలనీ" అని బండివాడితో బేరానికి దిగింది.

ఇప్పుడు ఇలాంటి పనుల్లోకి వచ్చే ఆడపిల్లలు కొందరు నన్ను సలహా అడుగుతారు. నాకు తెలిసింది కొద్దే. చెకింగ్ కాగితంలో గడి లేనిదల్లా అక్కరలేనిది కాదు. ఒక కొలత ఎందుకుందో తెలియకపోతే దాన్ని తగ్గించే హక్కు మనకు లేదు, తెలిసినవాళ్ళను అడగాలి. అడిగితే చిన్నతనం అనుకుని నేను అడగలేదు. కింది మనిషికి నోటితో చెప్పిన ఆదేశం ఏదైనా, చెప్పినవాళ్ళే అదే రోజు కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. మూడో రోజు పెట్టే సంతకం నిజమే కావచ్చు, కానీ అప్పటికి ఎవరిదో స్టాంపు పోయి ఉంటుంది.