తాళం వేసిన మూడో వాటా

ఈ సాయంత్రం తెనాలిలోని మా లైను ఇళ్లలో అద్దెకుండే వాళ్లమంతా ఒకచోట కూర్చున్నాం. ఈ ఇళ్లు కూల్చి కట్టే కొత్త అపార్టుమెంటులో చోటిస్తానని రాసిస్తేనే ఖాళీ చేస్తామని బిల్డరుకు ఉత్తరం రాశాం.

అతని గుమాస్తా వచ్చి నవ్వాడు. "మూడో వాటా మస్తానమ్మగారు పోయిన నెలే ఖాళీ చేసి వెళ్లిపోయారు కదండీ. మీరూ అంతే."

సంతకాలకు పేర్లు పిలుస్తూ, అలవాటుగా ఆమె పేరూ పిలిచేశాను.

"ఉన్నానయ్యా!" తాళం వేసిన మూడో వాటాలోంచి వినిపించింది.

గుమాస్తా తన దగ్గరున్న తాళంచెవితో తాళం తీశాడు. చీకట్లో, ఉత్త నేల మీద మస్తానమ్మగారు కూర్చుని ఉన్నారు.

"రేపల్లెలో కూతురింట్లో ఉండలేకపోయా నాయనా. దొడ్డి తలుపులోంచి వచ్చా. కాగితం ఇటివ్వు."

సంతకం పెట్టారు. గుమాస్తా ఉత్తరం తీసుకుని వెళ్లిపోయాడు.

తర్వాత దొడ్డివైపు వెళ్లి చూస్తే, ఆ తలుపుకు బిల్డరు మనుషులు అడ్డంగా కొట్టిన చెక్కలు కొట్టినట్టే ఉన్నాయి.

లోపలికెలా వచ్చారని ఆమెను అడిగే ధైర్యం నాకు లేదు. మీలో ఎవరికైనా ఉంటే రండి, కాఫీ నాది.