అవ్వ చీర అంచు కోసం ఆగిన మగ్గాలు

మొన్న బీరువా సర్దుతుంటే అడుగు మడతల్లో మా పాత కంప్యూటర్ మానిటర్‌కు అమ్మ కుట్టిన ముసుగు దొరికింది. ముక్కుకు ఆనించుకుంటే కర్పూరం, పాత గంజి, వాటి వెనకెక్కడో మగ్గం నూనె వాసన. ఆ వాసనతో పాటు నగరిలో మా వీధి, పొద్దున లేచింది మొదలు టకటకమని ఆడే పవర్‌లూమ్ మగ్గాలు, వాటి మధ్య గొంతు చించుకుని మాట్లాడుకునే మనుషులు, అందరూ ఒక్కసారిగా మీదికొచ్చి పడ్డారు. మా ఇళ్లలో గుసగుసలనేవి ఉండేవి కావు. రహస్యమైనా సరే అరిచే చెప్పుకునేవాళ్లం.

నాకప్పుడు పన్నెండేళ్లు. మిద్దె మీద ఆరబెట్టిన రంగు నూలు మధ్య దాగుడుమూతలాడి, ఎర్ర చేతులతో, నీలం చెవులతో కిందికి దిగి, తిట్లు తిని, ఆ పైన రాగిసంగటిలో గుంట చేసి వేరుశనగల పచ్చడి, అదే ఊరుబిండి, కలుపుకుని తినడం మా ఎండాకాలపు దినచర్య. ఆ ఏడు మాత్రం ఆటలన్నీ బంద్. నాయన చీరల డిజైన్లు గీయడానికి మద్రాసు నుంచి పాత కంప్యూటర్ ఒకటి తెచ్చాడు. అందులోకి మొట్టమొదట ఎక్కాల్సింది అవ్వ పెళ్లిచీర అంచు అన్నాడు.

అవ్వ అంటే నాయన వాళ్లమ్మ. ఆ చీర తాత తన చేత్తో నేసింది. అరచెయ్యి వెడల్పు అంచు, అందులో వరసగా చిలకలు, చిలకకూ చిలకకూ మధ్య ఒక మొగ్గ. "నేను పోయేటప్పుడు ఈ చీర నాకే కట్టండి. అంచు మాత్రం మీరు పెట్టుకోండి" అనేది అవ్వ. చీర ఒళ్లో పరుచుకుని, గోటితో పోగులు లెక్కబెడుతూ "రెండు ఎరుపు, ఒకటి ఇడిసిపెట్టు, మళ్లా మూడు ఎరుపు" అని ఆమె చెబుతుంటే నేను తెర మీద ఒక్కో చుక్కా పెట్టేదాన్ని. నేను తప్పితే "కండ్లు యాడ పెట్టినావే?" అని నెత్తిన మొట్టేది. అలా ఎండాకాలమంతా మొట్టికాయలు తిని అంచు పూర్తి చేశాను.

ఎండాకాలం దాటి వానలు పడే ఆడి మాసంలో అవ్వ పోయింది. అడిగినట్టే ఆ చీర కట్టి సాగనంపాం. ఫ్లాపీలో దాచిన కాపీ బూజు పట్టి చెడిపోయింది. ఇక ఆ అంచు ఈ లోకంలో ఉన్నది ఒక్క ఆ కంప్యూటర్ పెట్టెలోనే. పెట్టె వెయ్యగానే కనబడాలని నాయన దాన్ని తెర మీద నట్టనడుమ పెట్టుకున్నాడు, 'అవ్వ' అని పేరు రాసి.

ఆయుధపూజకు మగ్గాలన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, బొరుగులూ పప్పులూ బెల్లమూ పంచాక, అమ్మ కంప్యూటర్ నుదుటికి కూడా బొట్టు పెట్టింది. రెండు రోజులకు తిరుపతిలో కంప్యూటర్లు బాగుచేసే మునిరత్నం మామ వచ్చి, పాతదాని మీదే కొత్త ఆపరేటింగ్ సిస్టం ఎక్కించి, అన్నం తిని బస్సెక్కాడు. ఆ రోజు అంతా బాగానే ఉంది. చెడగొట్టింది మర్నాడు మా నాయన.

మగ్గంలో పోగులు దూరే దువ్వెనను పన్నె అంటారు. పన్నె నంబరు పెరిగేకొద్దీ బట్ట సన్నం, పనితనం గొప్ప. తెర సెట్టింగుల్లో నంబర్ల వరస కనబడగానే నాయన, పుట్టు నేతగాడు, అన్నిటికన్నా పెద్ద నంబరు నొక్కాడు. ఆపి మళ్లీ వెయ్యమని అది అడిగితే అలాగే చేశాడు. తెర నల్లబడిపోయింది. ఆ నలుపులో 'ఔట్ ఆఫ్ రేంజ్' అని చిన్న ముక్క ఒకటి అటూ ఇటూ ఈదుతోంది.

"నీ బొట్టు లోపలికి దిగిపోయిందేమే!" అన్నాడు నాయన.

"మగ్గాలకూ పెట్టినా గదా, అవి ఆడతా ఉండల్లేదా?" అంది అమ్మ.

నాయన మూడిళ్ల అవతలి ఎస్టీడీ బూత్‌కు పరిగెత్తాడు. తెర రాకపోతే పెట్టె తిరుపతికి తెమ్మనీ, అంతా తుడిచేసి మళ్లీ ఎక్కిస్తాననీ అన్నాడట మామ. తుడిచేస్తే అవ్వ అంచు కూడా పోతుంది. "తుడిసొద్దు మునిరత్నమా, ఇంకేం దావ లేదా?" అని నాయన అరుస్తున్నాడు. దావ ఉందనే అంటున్నాడట మామ, అదేమిటో మాత్రం మగ్గాల మోతలో నాయనకు సరిగ్గా వినబడటం లేదు.

అప్పుడు మా అమ్మ, ఎప్పుడూ గడప దాటి గొంతెత్తని అమ్మ, వీధి నడుమ నిలబడి అరిచింది.

"రొంతసేపు మగ్గాలు నిలపండప్పా! మా అత్త అంచు పోతా ఉండాది!"

ఎదురింటి మగ్గం ఆగింది. పక్కిల్లు, దాని పక్కిల్లు, ఆ చివరి దాకా ఒక్కొక్కటే ఆగిపోయాయి. మా వీధిలో ఇన్ని కాకులున్నాయని నాకు ఆ రోజే తెలిసింది.

మామ చెప్పింది నాయన బూత్‌లోంచి అరిస్తే, అమ్మ గుమ్మంలో అందుకుని నాకు చెప్పింది. "ఆన్ చేసి, ఎఫ్ ఎనిమిది నొక్కతానే ఉండమంటాండాడు!" నొక్కాను. నల్ల తెర మీద తెల్ల ఇంగ్లీషు వరసలు వచ్చాయి. "వీజీఏ మోడ్ అని ఉండాదా?" ఉంది. బాణం మీటతో దాని దగ్గరికి దిగి ఎంటర్ కొట్టాను. కాసేపటికి తెర వెలిగింది. అక్షరాలన్నీ లావుగా, మొద్దుగా ఉన్నాయి. వాటి నడుమ 'అవ్వ'.

నాయన వచ్చి లుంగీకి చేతులు తుడుచుకుని, తను ముట్టకుండా, "నువ్వే తెరువు పాపా" అన్నాడు. తెరిచాను. ఒక్కో చుక్కా శనగ్గింజంత ఉంది. "ఈడ సూడు, మాయమ్మ గోరు పెట్టి సూపించిన సోటు" అని ఒక మొగ్గ మీద వేలు పెట్టి, చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. నేనూ ఏడ్చాను. పెద్ద నంబరు తీసేసి మామ చెప్పిన చిన్న నంబరు పెట్టాకగానీ లేవలేదు.

అంతసేపూ ఎవరూ మగ్గం వెయ్యలేదు. నాయన వాకిట్లోకి వెళ్లి "వచ్చేసిందప్పా! ఏసుకోండి!" అన్నాకే ఒక్కొక్కటీ మొదలయ్యాయి.

తర్వాత ఆ అంచుతో మగ్గం మీద మొదట దిగిన ముక్కనే అమ్మ మానిటర్‌కు ముసుగుగా కుట్టింది. అదే ఇప్పుడు నా ఒళ్లో ఉన్నది. ఆ కంప్యూటర్ పాతసామాను బండెక్కి వెళ్లిపోయింది. నాయనా లేడు. మా వీధిలో మగ్గాలు ఒక్కొక్కటిగా మూతబడ్డాయి.

పోయిన నెల ఏదో పని మీద ఆ వీధికి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం, కాకుల అరుపు తప్ప ఇంకే చప్పుడూ లేదు. ఎవరైనా బయటికొచ్చి "వచ్చేసిందప్పా, ఏసుకోండి" అంటారేమోనని మా పాత గడప ముందు చాలాసేపు నిలబడ్డాను.