బాపు తానానికి వరుస కావాలి

నేను బస్సు కండక్టర్ని. మహబూబ్‌నగర్ నుంచి మక్తల్‌కు రోజుకు రెండు ట్రిప్పులు. ఆడవాళ్లకు టికెట్ లేకుండా చేశాక బస్సులో కాలు పెట్టే జాగా ఉండదు. ఆ మందినంతా నోటితోనే సర్దుతాను. నా నోటికి జడవని మనిషి ఆ రూట్లో లేడని డ్రైవర్లు అంటుంటారు. మా బాపు ఒక్కడే జడవలేదు. జడిసి ఉంటే నా పని తేలికయ్యేది.

బాపు గొర్ల కాపరి. ఎనభై దాటినా మంద వెంట నడిచేవాడు. ఒక వానాకాలం గట్టు మీద కాలు జారి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక నా దగ్గరికే తెచ్చుకున్నాను. అమ్మ ఎప్పుడో పోయింది. నా భర్త పోయి ఆరేళ్లు. బొంబాయిలో బిల్డింగ్ పనులు చేసే తమ్ముడు వచ్చి, ఇరవై రోజులు ఉండి, బాపుకు నీళ్లు పోశాడు, బట్టలు మార్చాడు. మేస్త్రీ ఫోన్ల మీద ఫోన్లు చేస్తే ఇక ఆగలేక తిరిగి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి బాపు ఒంటి మీద చెంబెడు నీళ్లు పడలేదు.

నేను బకెట్ తెస్తే చాలు, "పక్కకు పో బిడ్డ. ఆడిపిల్లతోటి చేపించుకునే పని కాదిది" అనేవాడు. తడిబట్టతో ముఖమూ చేతులూ తుడవనిచ్చేవాడు, అంతవరకే. పది రోజులకు పంచె మీద రసి మరక చూశాను, నడుము కింద చర్మం ఎర్రబడి చిట్లింది. దవాఖానలో డాక్టరమ్మ చూసి, రోజూ శుభ్రంగా కడిగి ఆరబెట్టకపోతే ఆ పుండు ఎముక దాకా పోతుందని, ఈ వయసులో దానితోనే ప్రాణం పోవచ్చని చెప్పింది. తుంటి విరిగినా బతికిన మనిషి సిగ్గుతో చచ్చిపోతాడేమోనని నాకు భయం పట్టుకుంది.

ముసలివాళ్లను చూసుకోవడానికి మనుషులను పంపే ఆఫీసు పాత బస్టాండు వెనక, మేడ మీద ఒక గది. మగమనిషి కావాలని అడిగాను. "మగోళ్లు దొరకరు మేడం. దొరికినా నిలవరు" అన్నాడు అక్కడ కూర్చున్నాయన. ఫారం నింపించుకున్నాడు. బరువెంత, షుగర్ ఉందా, ఏం తింటాడు, పళ్లున్నాయా, అన్నీ అడిగాడు. సిగ్గుందా అని మాత్రం అడగలేదు.

మొదట వచ్చిన ఆమె బాపును ఎదురుగానే పేషెంట్ అనేది. పేషెంట్ మాట వింటలేడని మూడో రోజు ఫోన్లో చెప్పి వెళ్లిపోయింది.

రెండో ఆమె నాకంటే ఆరేడేళ్లు చిన్నది. మక్తల్ దిక్కు పల్లె. చర్చికి పోయే కుటుంబం. తాతల నాడు సెంటు భూమి లేక పరాయి చేలల్లో జీతం ఉన్నవాళ్లు. ఆమెకు చాయ్ ఇచ్చి, ఎదురుగా కూర్చోబెట్టుకుని నీతులు చెప్పాను. "పేషెంట్ అనకు. బాపూ అని పిలువు. సొంత బిడ్డ లెక్క చూసుకో." ఎంత మంచి మాట చెప్పానో అని మురిసిపోయాను కూడా. కొంప ముంచింది ఆ మాటే.

వారం రోజులు ఆమె బాపూ లే, బాపూ కూసో అని బతిమిలాడింది. ఆయన పంచె ముడిని రెండు పిడికిళ్లతో పట్టుకుని గోడవైపు తిరిగిపోయేవాడు. పుండు పెరుగుతోంది. ఒక సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, ఆయన అట్లాగే ఉండడం చూసి ఆమె మీద లేచాను. "జర గట్టిగ పట్టుకొని పొయ్యరాదు?"

ఆమె గొంతు పెంచలేదు. "గట్టిగ పట్టుకునేటందుకు ఆయన గొర్రె కాదక్కా. నువ్వు నన్ను బిడ్డను జేసినవు. నీ ముంగట విప్పని పంచె ఇంకో బిడ్డ ముంగట ఎట్ల విప్పుతడు?"

నోటితో బతికేదాన్ని, లేచి పోయి ఆమెకు చాయ్ పెట్టాను.

మర్నాడు నాకు మధ్యాహ్నం డ్యూటీ. వంటింట్లో ఉన్నాను. ఆమె బాపు మంచం దగ్గర పీట వేసుకుని కూర్చుని ఊరి ముచ్చట తీసింది.

"మా ఊరి చేన్లల్ల ఎప్పుడన్న మంద పెట్టినవా?"

ఎరువు కోసం రైతులు గొర్ల మందను తమ చేలో పడుకోబెట్టించుకుంటారు. కాపరికి గింజలు కొలుస్తారు. బాపు అట్లా తిరగని ఊరు ఆ దిక్కున లేదు.

"ఎందుకు పెట్టలె. పెద్దబాయి కాడ మూడేండ్లు పెట్టిన."

"గా బాయి కాడ ఎడ్లతోటి మోట గొట్టి నీళ్లు తోడిన మనిషి యాదికున్నడా? ఎడమకాలు జర ఈడ్సెటోడు."

మంచం కిర్రుమంది. బాపు ఇటు తిరిగాడు. "యాదికి లేకేంది. తమ్ముడా అని పిలుస్తుంటి. బీడీలిస్తుండె నాకు. నువ్వెవలు?"

"ఆయన కొడుకు బిడ్డను."

ఆ తమ్ముడి బీడీలు తాగిన మా బాపు ఆ తమ్ముడింట్లో మంచినీళ్లు తాగి ఉండడు. అది నాకు తెలుసు. ఆమెకు నాకంటే బాగా తెలుసు. అయినా ఆమె ఆ వరుసనే పట్టుకుంది.

"అయితె నువ్వు నాకు తాతవు. ఇన్నొద్దులు ఉత్తగ బాపూ బాపూ అని నా నోరు నొచ్చింది. ఏం తాతా, నన్ను చేసుకుంటవా?"

మా దిక్కున తాతకూ మనవరాలికీ పరాచికాల వరుస. నాన్న ముందు తల వంచుకుని తిరిగే పిల్ల తాత మీసం పట్టుకుని గుంజుతుంది, మొగుడా అని పిలుస్తుంది, ఎవరూ ఏమీ అనుకోరు. ఆ వరుసలో సిగ్గుకు చోటే లేదు.

"చేసుకుంట గని, గీ ముసలోడు నీ కంటికి ఆనుతడా?" అన్నాడు బాపు.

"గీ వాసనకైతె ఆనడు. తానం జేస్తె అప్పుడు సూస్త."

బాపు నవ్వాడు. నెలన్నర తర్వాత విన్నాను ఆ నవ్వు. ఆమె వేపాకు వేసి నీళ్లు కాచింది, స్నానాల గదిలో ప్లాస్టిక్ కుర్చీ వేసింది. లోపలి నుంచి నీళ్ల చప్పుడు, ఒకరినొకరు తిట్టుకోవడం వినిపించాయి. ఇక్కడ నేను పొయ్యి మీద అన్నం మాడబెట్టి ఏడ్చాను. సంతోషం ఒక పాలైతే కుళ్లు మూడు పాళ్లు. కన్న బిడ్డనైన నేను తలుపు బయట ఉన్నాను.

ఎండాకాలానికి పుండు మానింది. అప్పుడే ఆమె బిడ్డ పురిటికి వచ్చింది, ఆమె ఇరవై రోజులు రానని చెప్పి వెళ్లింది. ఆఫీసువాళ్లు సోమవారం దాకా ఆగమన్నారు. బాపు మళ్లీ నీళ్లు వద్దన్నాడు. మూడు రోజులు ఓర్చుకున్నాను. నాలుగో రోజు పొద్దున ఆయనకు కడుపు చెడి మంచంలోనే అయిపోయింది. డ్యూటీకి రానని ఫోన్ చేశాను. నీళ్లు కాచాను. ఆయన్ను భుజానికి ఆనించుకుని నడిపించి కుర్చీలో కూర్చోబెట్టాను. రెండు పిడికిళ్లతో పంచె ముడి పట్టుకుని ఆయన కళ్లు మూసుకున్నాడు. కంటి కొసల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

ఏం చేయాలో తోచక, "ఏం తాతా" అన్నాను ఆమెలాగా. నాకే ఎబ్బెట్టుగా ఉంది.

"నువ్వు అంటె తాతనైతనా బిడ్డ? నా కడుపున పుట్టినవు," అన్నాడు బాపు కళ్లు తెరవకుండానే.

అప్పుడు లేచింది నా నోరు. "నీళ్లు సల్లారవట్టె. గా పుండు మల్ల లేస్తె నేనెవ్వలకు చెప్పుకోవాలె? సిగ్గు సిగ్గని సస్తవా? నువ్వు పోతె నాకెవలున్నరు?" బస్సులో కూడా ఏనాడూ అంత గట్టిగా అరవలేదు. చివరి మాటకు ఏడుపు వచ్చేసింది. చెంబు చేతిలో పట్టుకుని గోడకు ఆనుకున్నాను.

బాపు కళ్లు తెరిచి నన్ను చూశాడు.

"నన్ను గన్న అవ్వ గిట్లనే తిట్టేది," అన్నాడు. "తానానికి పిలిస్తె గుట్టకు ఉరికెటోన్ని. రెక్క వట్టి గుంజుకొచ్చి, తిట్టుకుంట, ఏడ్సుకుంట పోసేది."

పిడికిళ్లు వదులయ్యాయి. పంచె ముడి తనే విప్పుకున్నాడు.

"నీళ్లు పొయ్యి అవ్వా," అన్నాడు. "సబ్బు కండ్లల్ల పడనియ్యకు."

ఆయన కళ్లకు నా అరచెయ్యి అడ్డం పెట్టి, తల మీద పోశాను.