బుల్లి బంకు మీద పసుపు

చెప్పాలంటే సిగ్గుగానే ఉంది. అయినా చెబుతున్నాను. నాకు బొమ్మ పెట్రోలు బంకుల పిచ్చి. అరచేతిలో పట్టే పంపులు, రేకు షెడ్లు, గోరంత బోర్డులు, బీరువాలో రెండు అరలు వాటికే. "స్కూటర్లో పోయడానికి పెట్రోలుండదు గానీ ఇంట్లో బంకులకు లోటు లేదు" అని మా ఆవిడ దెప్పుతుంది. బడిలో నేను చెప్పేది చరిత్ర. అందుకని ఇది బొమ్మల పిచ్చి కాదు, చమురు కంపెనీల చరిత్ర అని గొప్పలు పోయేవాణ్ణి.

చిలకలూరిపేటలో ఒక పెద్దాయన దగ్గర అసలైనది ఒకటుందని తెలిసి వెళ్ళాను. వయసులో ఉన్నప్పటి నుంచి హైవే మీద ఒకే బంకులో పనిచేసిన మనిషి. భార్య పోయి రెండేళ్ళయింది, ఒక్కడే ఉంటున్నాడు. టీవీ పక్కనే ఉంది బొమ్మ. జానెడు రేకు షెడ్డు, ముందు ఒక చేతిపంపు, పంపు మీద ఇంజెక్షన్ సీసాలంత రెండు గాజు బుడ్లు. విదేశీ కంపెనీ తన డీలర్లకు బల్ల మీద పెట్టుకోమని ఇచ్చినదట.

"అప్పట్లో కరెంటు పంపులు యాడియ్యండీ? హ్యాండిలు అటూ ఇటూ కొడతా ఉంటే ఒక బుడ్డి నిండేది. అది లారీలోకి దిగేలోపు రెండోది నింపాల. భుజాలు పడిపోయేయి" అన్నాడు. డెబ్బైల్లో గవర్నమెంటు ఆ కంపెనీలను తీసేసుకున్నప్పుడు బోర్డులు మారాయి. "దొరల కంపెనీ కాస్తా మన కంపెనీ అయింది. జీతం మాత్రం అదేనండోయ్!" అని నవ్వాడు. పాత బోర్డులతో పాటు పాతసామాన్ల వాడికి పోతున్న ఈ బొమ్మను అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు.

పంపు మీద మాత్రం పసుపు అట్టలు కట్టి ఉంది, మధ్యలో కుంకుమ బొట్టు. దసరాకి బంకులో పంపులకు పూజ చేస్తారు కదా, ఆ రోజే ఇంట్లో ఆయన భార్య దీనికి చేసేదట. కడిగితే రేకు తుప్పు పడుతుందని పాతదాని మీదే కొత్త పసుపు రాసేది.

"మనకి అన్నం పెట్టింది ఇదేగా అనేది. ఆ పైనున్న బొట్టు ఆవిడ పెట్టిందే. తర్వాత నేనేం పెట్టలా" అన్నాడు. దగ్గరికెళ్ళి చూస్తే ఆ కుంకుమలో వేలి గీతలు కనిపించాయి.

అది విని కూడా, అమ్ముతారా అని అడిగాను. ఎంత పొగరు!

"అమ్మే వస్తువు కాదు మేష్టారూ."

ఫొటోలు తీసుకుని ఆదివారానికల్లా ఇచ్చేస్తానని బతిమాలితే పాత పంచెలో చుట్టి చేతిలో పెట్టాడు. "నీళ్ళు తగలనీయమాకండి. ఆవిడ చేతిది" అన్నాడు.

ఆ పసుపు కింద పాత కంపెనీ గుర్తు ఉండి తీరాలి. అది కనబడకపోతే నాలాంటి పిచ్చోళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవడూ నమ్మడు. రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు కొబ్బరినూనెలో దూది ముంచాను. నీళ్ళేగా వద్దన్నాడు, ఇది నూనె! పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే. ఒక మూల కొంచెం చూద్దాం అనుకున్నాను. పెచ్చులు పెచ్చులుగా లేచింది. గుర్తు అంచు కనబడ్డాక ఇక నన్ను ఆపేదెవరు? బొట్టు దూదికి అంటుకుని వచ్చేసింది. ఆ దూదిని చెత్తబుట్టలో వేశాను. గ్రూపులో ఫొటో పెడితే అందరూ శభాష్ అన్నవాళ్ళే. మా ఆవిడ ఒక్కతే, "పోయినావిడ పెట్టిన బొట్టు తుడిచారా? మీకసలు బుద్ధుందా?" అంది.

ఆదివారం తీసుకెళ్ళాను. పెద్దాయన పంచె విప్పి, బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. పంపు మీద బొటనవేలితో రుద్దాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఇక్కడ ఉండాలే..." అన్నాడు.

"పాతది కదండీ, దారిలో రాలిపోయినట్టుంది" అన్నాను. ఛీ! పిల్లలకు అబద్ధమాడొద్దని చెప్పే నోరు ఇది.

ఆయన ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కొబ్బరినూనె వాసన నాకూ తెలుస్తూనే ఉంది. ఆయన నా వంక చూడలేదు. లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. తాగాను. నేను గ్లాసు కింద పెట్టేలోపు బొమ్మను మళ్ళీ పంచెలో చుట్టి నా ఒళ్ళో పెట్టాడు.

"తీసుకెళ్ళండి మేష్టారూ. ఇప్పుడిది మీ బంకేగా."

వద్దనలేదు నేను. తెచ్చుకున్నాను.