ఏడో పడక కాగితం

ఉదయగిరి నుంచి ఆత్మకూరు వైపున్న ఒక ప్రభుత్వ ఆసుపత్రికి నేను బదిలీ మీద వచ్చి ఆ వేసవికి మూడేళ్లు. ఊరి పేరు రాయడం లేదు. నాది ఎఫ్.ఎన్.ఓ. ఉద్యోగం. నర్సుల కింద ఉండి పడకలు సర్దడం, రోగులను కదిలించడం మా పని. మా ఆయన పోయాక వచ్చిన ఉద్యోగం అది. అప్పటికి నాకు అక్షరం రాదు.

మగవాళ్ల వార్డులో పనిచేసే అతను సెలవు పెట్టడంతో ఆ వారం అదీ నేనే చూశాను. ఏడో పడకలో దుత్తలూరు నుంచి వచ్చిన పెంచలయ్య, షుగరు మనిషి. తొమ్మిదో పడకలో కలువాయి పెంచలయ్య, జ్వరం. తొమ్మిదో పడక మీద ఫ్యాను తిరగదు. కలువాయి ఆయన భార్య బతిమాలితే, ఒక సాయంత్రం ఇద్దరినీ అటూ ఇటూ మార్చాను. పడక కాళ్ల దగ్గర వేలాడే కేసు షీట్లు మాత్రం ఎక్కడివి అక్కడే ఉండిపోయాయి.

మర్నాడు పొద్దున స్టాఫ్ నర్సు కవిత ఏడో పడక షీటు చూసి ఇన్సులిన్ సిద్ధం చేసింది. సూది వేసే ముందు పేరు సరిచూడాలి. జ్వరం మత్తులో రోగి పలకలేదు. “పెంచలయ్యేనా?” అని భార్యను అడిగింది. ఆమె ఊఁ అంది. కవిత సూది వేసింది. కాసేపటికి మనిషికి చెమటలు పట్టి స్పృహ తప్పింది. డాక్టరు గారు వెంటనే గ్లూకోజు ఎక్కించారు. మధ్యాహ్నానికి లేచి కూర్చున్నాడు.

విచారణ హెడ్ నర్సు సుగుణమ్మ గారికి అప్పగించారు. కవిత కాంట్రాక్టు మీద కొత్తగా చేరిన పిల్ల. తప్పు ఆమెదని తేలితే ఇంటికి పంపేవాళ్లు. రెండు రోజులు నేను నోరు విప్పలేదు.

సుగుణమ్మ గారు తప్పెవరిదని అడగలేదు. ఎవరేం చేశారో అదే చోట మళ్లీ చేసి చూపించమన్నారు. కలువాయి ఆమెను భర్త పేరు చెప్పమన్నారు.

“ఆయన పేరు నా నోటితో ఎట్టా చెప్పేదమ్మా? ఆ నర్సు పాపే చెప్పింది, నేను ఊఁ అన్నాను.”

“ఏందమ్మే, నాకు రావాల్సిన సూది నీ మొగుడు కొట్టేసినాడే!” అన్నాడు దుత్తలూరు పెంచలయ్య. ఎవరూ నవ్వలేదు. కవిత ట్రే పట్టుకుని తను చూసిన ఏడో పడక షీటు చూపించింది.

“పడకలు మార్చింది నేనే, సిస్టరమ్మా. కాగితాలు మార్చలా. వాటి మీద ఏముండాదో నాకు తెలీదు, చదువు రాదు” అన్నాను.

“ఈ రెండు రోజులూ ఎందుకు చెప్పలేదు రవణమ్మా?”

“చెప్తే ఉంచుతారా అమ్మా?”

ఆమె రాసుకున్నారు. నివేదికలో నా గురించి రాసింది చదివి వినిపించారు: పడకతో పాటు షీటు కూడా మార్చాలని ఈమెకు ఎవరూ నేర్పలేదు. కింద వేలిముద్ర వేశాను. కవిత ఉద్యోగం నిలిచింది, నాదీ నిలిచింది.

తర్వాత భోజనాల వేళ సుగుణమ్మ గారే నాకు అక్షరాలు దిద్దించారు. నేను మొదట చదివిన పేరు పెంచలయ్య. ఏడాది తిరక్కుండానే ఆమెకు బదిలీ అయింది. ఇప్పుడు ఎక్కడున్నారో తెలియదు. నివేదిక ఫైలుతో పాటు నెల్లూరు జిల్లా ఆఫీసుకు వెళ్లింది. ఇప్పుడు పొట్లం కట్టిన కాగితం కూడా విప్పి చదువుతాను. చదవాలని ఉన్నది మాత్రం ఆ ఒక్క కాగితం. ఆమె చదివి వినిపించింది అంతేనా, నేను బాధపడకూడదని నా తప్పు రాసిన వాక్యం ఏదైనా నాకు వినిపించకుండా దాటేశారా, నా కళ్లతో చూసుకోవాలని ఉంది.

ఆ విచారణ నేర్పింది ఇది. రోగిని ఫలానా పేరేనా అని అడగకూడదు. పేరేంటి, ఏ ఊరు అని అడిగి ఆగాలి. భార్య చెప్పలేకపోతే, చెప్పగలిగిన మనిషి వచ్చేదాకా సూది ట్రేలోనే ఉండాలి.