అరటి పిలకలతో ఊరేగిన కారు

ఓనరువాళ్లు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, మనవాళ్లేనని మురిసిపోయి మదురైలో వాళ్లింట్లో అద్దెకు దిగాను. ఓనరుగారికి గేటు ముందున్న వీధి కూడా తాతల ఆస్తే. "తంబీ, ఈడ బండి నిలపగూడదు. ఎత్తించేస్తా!" అని నా కూరగాయల ఆటోను చూసి రోజూ అరిచేవారు.

ఆయుధపూజ నాడు, గేటు ముందు ఏ బండి ఉన్నా ఎత్తుకుపొమ్మని నిజంగానే పోలీసులకు ఫోన్ చేశారు. నా ఆటో పూజకని మాట్టుతావణి మార్కెట్లో ఉంది. ఆయనేమో కారుకు అరటి పిలకలు కట్టి, నిమ్మకాయలు తొక్కించి, అందరూ చూడాలని గేటు ముందే నిలిపి, సుండల్ గుగ్గిళ్లు తినడానికి లోపలికెళ్లారు.

నేను ఆటోతో తిరిగొచ్చేసరికి ఆ కారు క్రేనుకు వేలాడుతూ, పిలకలు ఊపుకుంటూ వెళ్లిపోతోంది.

"తంబీ, స్టేషన్ దాకా విడిచిపెట్టప్పా!"

ఎక్కించుకున్నాను. స్టేషన్ గేటు ముందే ఆపమన్నారు.

"గేటు ముందర నిలపగూడదు గదా సార్" అని వీధి చివరే దించేశాను.

రూలు పాటించి అంత సంతోషపడింది జన్మలో ఆ ఒక్కరోజే.