గోడకెక్కిన జంపఖానా

మా తాత జంపఖానాకున్న ముడులను కత్తెరతో కోసేసి, దాన్ని మా ఊరి వ్యాయామశాల గోడకు నాలుగు మేకులతో కొట్టారు. కొట్టినవాళ్ళు పెద్దమనుషులు. ఆ పనికి వాళ్ళు నివాళి అని పేరు పెట్టుకున్నారు. నేను దొంగతనం అంటున్నాను.

తాత పోయి ఇంకా నెల తిరగలేదు. తన తమ్ముడింట్లో కొత్త మగ్గం దింపారు, చూసొస్తానని ఎమ్మిగనూరు పోయినవాడు అక్కడే పోయాడు. కబురు తెచ్చింది బస్సు కండక్టరు. ఆదోనిలో నేను పనిచేసే జిన్నింగు మిల్లు గేటు దగ్గరికే వచ్చి చెప్పాడు. "మీ పక్కింటి పెద్దాయన పోయినాడప్పా. పొద్దున్నే కాళ్ళు సాపి కూసున్నాడంట, ముందుకు వంగినాడంట, మల్ల లేసల్యా." నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో అప్పుడు తెలియలేదు.

తాత అని పిలవడమే కానీ ఆయనకూ నాకూ చుట్టరికం లేదు. ఎమ్మిగనూరు నేతగాడు. గుంటమగ్గంలో కాళ్ళు దించి కూర్చుని కూర్చుని వయసులోనే నడుము పోగొట్టుకున్నాడట. బతుకుతెరువుకు మైసూరు వైపు పోయి అక్కడ మగ్గం నేస్తూ ఒక గురువు దగ్గర అష్టాంగ యోగం నేర్చుకుని, నిటారుగా తిరిగొచ్చాడు. కళ్ళు మసకబారాక, కర్నూలు రాజధాని అయిన ఏడాది, ఆదోనిలో మా సందులో ఉన్న కూతురింటికి వచ్చి చేరాడు. వస్తూ చేతిలో ఒక్క జంపఖానా తెచ్చుకున్నాడు. ఆయనే నేసుకున్నది. తెల్లటి నూలు, ఒక కొసన అడ్డంగా ఎర్ర చార.

నేను కుదురు లేని మనిషిని. పత్తి బేళ్ళ మీది అక్షరాలు చూసి చదువు నేర్చుకున్నాను, అదీ తొందర తొందరగానే. మిల్లులో దూది నుసి మింగి మింగి దగ్గు పట్టింది. వ్యాయామశాలకు పోతే వాకిట్లోనే ఆపారు. మిల్లు బట్టలతో లోపలికి రాకూడదట. ఇంటికొచ్చి తాత ముందు నిలబడి వాళ్ళను తిట్టాను.

ఆయన అంతా విని, "తిట్టడం అయిపోయినాక నిలబడు," అన్నాడు.

"నిలబడే ఉండాను గదా తాతా."

"యాడ? ఒక కాలు ఈడుంది, ఇంకో కాలు వాళ్ళ వాకిట్లో ఉంది. రెండూ ఈడికి తెచ్చుకో."

పదిహేను రోజులు నిలబడడమే నేర్పాడు. మా ఇంట్లోనే, పొయ్యికీ గడపకూ మధ్యన ఉన్న జాగాలో. పాదాలు కలిపి నిలబడాలి. చేతులు పైకి ఎత్తుతూ ఊపిరి తీసుకోవాలి, వంగుతూ వదలాలి. మగ్గంలో నాడె ఒక పక్క నుంచి ఇంకో పక్కకు దూకినట్టు ఊపిరి పోయి రావాలనేవాడు. నేను వంగేటప్పుడల్లా ఊపిరి బిగబట్టేవాణ్ణి. "యాడికి దాస్కుంటావప్పా దాన్ని? ఇడిసిపెట్టు, మల్ల వస్తాది," అనేవాడు. తరువాత సూర్య నమస్కారాలు. మొదటి నెల మూడంటే మూడు. నాలుగోది చేయబోతే ముక్కు మీద కొట్టినట్టు "సాలు" అనేవాడు.

రోజూ మొదటి ఊపిరికి ముందు ఒక ప్రశ్న ఉండేది. "నిన్న ఎవరిదన్నా తీస్కుంటివా?"

ఇదేం యోగం తాతా అని విసుక్కున్నాను. అష్టాంగమంటే ఎనిమిది అంగాలనీ, ఆసనాలు మూడోదనీ, మొదటి అంగంలోనే ఒకరిది తీసుకోకపోవడం ఉందనీ చెప్పాడు. "మొదటిది ఇడిసి మూడోదాని మీదికి దూకితే కాలు ఇరుగుతాది," అన్నాడు.

ఒకరోజు ఒప్పుకున్నాను. దిండుకని పిడికెడు దూది పంచెలో దోపుకుని వచ్చాను. మిల్లు వాళ్ళది, వాళ్ళు మా దగ్గర తీసుకునేదాంట్లో అదెంత అని వాదించాను. తాత వాదించలేదు. జంపఖానా చుట్టేశాడు. "పెట్టొచ్చినాక పరుస్తా."

మర్నాడు దూది లోపలికి తీసుకుపోతుంటే గేటు జవాను పట్టుకున్నాడు. సంగతి విన్నాడు. "బయటికి తీస్కపోయేటోళ్ళను నూరుమందిని పట్టినా. లోపలికి తెచ్చే పిచ్చోణ్ణి ఇదే సూసేది," అని వదిలేశాడు. మిల్లంతా నవ్వింది. ఆ సాయంత్రం తాత జంపఖానా పరిచాడు.

ఇప్పుడు ముడుల సంగతి చెప్పాలి. మడమలు ఎర్ర చార మీద పెట్టి, కాళ్ళు చాపి, ముందుకు వంగాలి. వేళ్ళు ఎక్కడిదాకా అందితే అక్కడ జంపఖానా అంచుకు ఒక రంగు దారం ముడి వేయాలి. ఒక్కొక్కరికి ఒక్కొక్క రంగు. నాది నీలం. మా సందు దర్జీది పసుపు. ఒంట్లో బిగువు సడలేకొద్దీ ముడి విప్పి ముందుకు జరుపుకోవాలి. అది బెత్తెడు జరిగేదాకా జంపఖానా ఆ ఇంట్లో ఉంటుంది. ఆ తరువాత ఇంకో ఇంటికి పోతుంది. జరిగినవాడు మళ్ళీ తన వంతు వచ్చేదాకా గోనెపట్ట మీద చేసుకున్నా చాలు. అదీ తాత పెట్టిన పద్ధతి. రుసుం లేదు, రాతకోతలు లేవు. ఎవరి వంతు తరువాత ఎవరిదో సందంతటికీ తెలుసు.

నేను ఏం చేశానంటే, దర్జీ ముడి నాకంటే జానెడు ముందుందని చూసి ఓర్వలేక, ఒకరోజు తాత లేనప్పుడు ఒక్క గుంజు గుంజి దాన్ని అందుకున్నాను. తొడ వెనక నరం పట్టేసింది. వారం రోజులు కుంటుతూ బేళ్ళు దొర్లించాను.

తాత నూనె రాస్తూ, "వాని ముడి నీకెందుకప్పా?" అన్నాడు. "అదీ తీస్కున్నట్టే."

ఆ మాట మీద చాలారోజులు కోపంగానే ఉన్నాను. కానీ నా నీలం ముడి ఆ ఏడాదిలో మూడుసార్లు జరిగింది. దగ్గు పూర్తిగా పోలేదు, పోయిందని అబద్ధం చెప్పను. ఊపిరి మాత్రం నా చెప్పుచేతల్లోకి వచ్చింది.

తాత ఎమ్మిగనూరు పోయేనాటికి జంపఖానా మళ్ళీ మా ఇంట్లో ఉంది. నా తరువాతి వంతు ఎదురింటి అక్కది. మిల్లులో పత్తి ఏరే పని ఆమెది. పొద్దంతా గొంతుక్కూర్చుని ఏరి ఏరి, సాయంత్రం లేచేటప్పుడు గోడ పట్టుకుని తప్ప లేవలేదు. రెండు వంతులు వేరేవాళ్ళకు వదులుకుని కాచుకుంది. "ఆడమనిషివి, సిగ్గేమన్నా ఉందా అంటారేమో తాతా," అంటే, "నడుముకు ఆడా మగా తెల్దమ్మా. తలుపేస్కో, మీ ఇంట్లో నువ్వు సేస్కో," అన్నాడు. ఆమె అప్పుడే ఎర్ర దారం కొనుక్కుని కొంగున కట్టుకుంది.

తాత పోయిన నాలుగో రోజు వ్యాయామశాల పెద్దలు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. ఊరికి యోగం తెచ్చిన మహనీయుడికి సంతాపసభ పెడుతున్నామన్నారు. ఆయన బతికుండగా ఒక్కరోజు కూడా వాళ్ళ నేల మీద కూర్చోనివ్వలేదు. అది అడగలేదు నేను. జంపఖానా ఒక్క సాయంత్రం సభలో పెట్టి తెచ్చిస్తామన్నారు. మా తాతకు గౌరవం జరుగుతోందని గుడ్డిగా పొంగిపోయి, నా రెండు చేతులతో నేనే ఇచ్చాను. అక్క వంతు వస్తువది. ఆమెను అడగాలని కూడా తోచలేదు. ఈ తప్పు నాది, ఎవరి మీదికీ తోయను.

సభ అయిపోయింది. ఒకరోజు చూశాను, మూడు రోజులు చూశాను, పోయి అడిగాను. గోడ మీద ఉంది. ఎర్ర చార పైకి, అంచులు రెండూ నున్నగా.

"ముడులేవి అయ్యా?" అన్నాను.

పెద్దాయన కుర్చీలోంచి లేవలేదు. "ఆ మురికి పోగులా? కత్తిరిచ్చినాములే. పదిమంది సూసేది, బాగుండల్ల గదా."

"దాని మీద కూసోవాల్సినోళ్ళు ఉండారు."

"కింద ఏసి తొక్కే వస్తువు కాదురా ఇంక అది. గుర్తు. పైన పెట్టినాము. అంతకంటే మర్యాద ఏం సేస్తారు మీ సందులో?"

వచ్చి అక్కతో చెప్పాను, ఇచ్చింది నేనేనని కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె కొంగు ముడి విప్పి దారం చూసుకుంది. "నేను రెండుసార్లు ఇడిసిపెడితి గదా తమ్ముడూ. మూడోసారి ఇడిసిపెట్టల్యా. నువ్వు ఇడిసిపెట్టినావు," అంది. అంతే అంది.

ఇది చదివేవాళ్ళు నన్ను గోనెపట్ట మీద కూర్చోమనవచ్చు. నేను కూర్చుంటున్నాను. ఆమెకూ ఒక గోనెపట్ట ఇవ్వమనవచ్చు. ఇస్తే పుచ్చుకోలేదు. తాత ఆమెకు మాట ఇచ్చింది జంపఖానా ఇస్తానని. మొదటిసారి వంగేవాళ్ళకు, తమకంటే ముందు వంగినవాళ్ళు ఎక్కడిదాకా అందుకున్నారో పక్కన ముడి కనబడుతుంటే ధైర్యం. అందుకోవడానికి కాదు, ఒంటరిగా లేమని తెలియడానికి. నాకు ఇప్పుడు అర్థమవుతోంది ఆ సంగతి, ముడులు పోయాక.

వ్యాయామశాల పెద్దలకు ఒక ప్రశ్న, తాత అడిగినట్టే అడుగుతున్నాను. నిన్న ఎవరిదైనా తీసుకున్నారా? జవాబు నాకు నోటితో వద్దు. మేకులు పీకి, జంపఖానా చుట్టి, ఎదురింటి అక్క గడప మీద పెట్టండి. కోసిన ముడులు మేము మళ్ళీ వేసుకుంటాం, ఎవరిది ఎక్కడుండేదో మా వేళ్ళకు గుర్తుంది. ఆమె రోజూ పొద్దున్నే నేల అలికి, జంపఖానా పట్టేంత జాగా మేర సుద్దతో గీత గీసి, ఆ గీతలోకి అడుగుపెట్టకుండా పక్కన నిలబడుతోంది, వేలికి ఎర్ర దారం చుట్టుకుని. వచ్చే సోమవారం మిల్లు మొదటి కూత వేసేదాకా గడువు. కూత వినబడేసరికి గడప మీద అది లేకపోతే, గడ్డపారతో మేకులు పీకడానికి నేను వస్తాను, నా వెనక సందంతా వస్తుంది.